రసీదును ఖాతా అనుకున్నాం

(కంప్యూటర్ విభాగం పూర్వ విద్యార్థులు జరిపిన మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



ఆహ్వాన పత్రిక మీద మాస్టారి పూర్తి పేరు డిగ్రీలతో సహా అచ్చయింది. నేను మాత్రం ఆయన్ని మాస్టారు అనే అంటాను. పేరు పెట్టి చెప్పే అలవాటు మా బ్యాచ్‌లో ఎవరికీ లేదు. ఈ వయసులో కొత్తగా చేసుకోలేను.

ఏం మాట్లాడతారని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగారు. కృత్రిమ మేధ అంటానని ఎదురుచూసినట్టున్నారు. నేను ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "అది సెకండియర్ సబ్జెక్టు కదండీ?" అన్నారు మర్యాదగానే. అవును, సెకండియర్ సబ్జెక్టే. ఒక్క సెమిస్టర్‌లో చెప్పేసి, పరీక్ష పెట్టేసి, అయిపోయిందనిపిస్తాం. నేను ముప్పై ఏళ్లుగా దాంతోనే అన్నం తింటున్నాను. బాగా చేయడం వచ్చిందని ఇప్పటికీ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేను. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

సి ప్లస్ ప్లస్ నేర్చుకున్న కొత్తలో సెలవులకు ఊరొచ్చి, నేను రాసిన లైబ్రరీ ప్రోగ్రాం మాస్టారికి చూపించాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కాగితం, రెండు అంచులా చిల్లులు, విప్పితే వరండా ఈ చివర నుంచి ఆ చివరి దాకా వచ్చింది. ముప్పై క్లాసులు. పుస్తకం ఒక క్లాసు, సభ్యుడు ఒక క్లాసు, బీరువా ఒక క్లాసు, బీరువాలో అర ఇంకో క్లాసు. మాస్టారు పంచె సర్దుకుని గొంతుక్కూర్చున్నారు, మొత్తం చదివారు. లేచి, "బాగుందిరా. వీళ్లంతా ఎవరో చెప్పావు. ఎవరు ఎవరికి ఏం బాకీయో చెప్పలేదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపి కాగితాలు మడతపెట్టుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి నాలుగైదేళ్లు, ఒక బ్యాంకు, ఒక హెడ్ క్లర్కు గారు కావలసి వచ్చారు. ఆ కథ చెప్తాను. దానికి ముందు ఈ విద్య పుట్టిన చోటుకు ఒకసారి వెళ్లొద్దాం.

ఓస్లో: వంతెన దగ్గర క్యూ

ఈ ఆలోచనకు పుట్టిల్లు నార్వే రాజధాని ఓస్లో. అక్కడి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాష చేశారు. నీగార్డ్ అంతకు ముందు రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసినవాడు. జనం, యంత్రాలు, క్యూలు, ఆలస్యాలు కలిసి నడిచే వ్యవస్థల్ని లెక్కలతో అనుకరించడం ఆయన పని. సిమ్యులా పేరులోనే ఉంది, సిమ్యులేషన్ కోసం పుట్టిందని. ఆల్గోల్ 60 భాష మీద దాన్ని కట్టారు.

ఇద్దరినీ తిప్పలు పెట్టిన చిక్కు చిన్నదే. వంతెన దగ్గర టోల్ గేటు ఉంది, దాని ముందు వాహనాల క్యూ. లారీ లారీలా ప్రవర్తించాలి, బస్సు బస్సులా ప్రవర్తించాలి. కానీ క్యూలో నిలబడ్డప్పుడు రెండూ ఒకటే: నా ముందు ఎవరు, నా వెనక ఎవరు. ఈ క్యూలో నిలబడే తెలివిని లారీకి ఒకసారి, బస్సుకు ఒకసారి రాయాలా? ఒక్కసారి రాసి రెండింటికీ అతికిస్తే పోదా? ఆ అతికింపే ఇన్‌హెరిటెన్స్ అయింది. 1967 నాటి సిమ్యులా 67లో క్లాసు, ఆబ్జెక్టు, ఉపక్లాసు, వర్చువల్ ప్రొసీజరు, అన్నీ వచ్చేశాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించమని మనవి. మన పాఠ్యపుస్తకాలు ఇన్‌హెరిటెన్స్‌ను వంశవృక్షంలా చెప్తాయి: జంతువు, దాని కింద ఆవు, దాని కింద ఒంగోలు ఆవు. పుట్టినప్పుడు అది వంశం గురించి కాదు. క్యూలో నిలబడడమనే ఒక పనిని పంచుకోవడం గురించి. ఇది మొదటిది.

రెండోది ఇంకా ముఖ్యం. సిమ్యులేషన్‌లో ఆబ్జెక్టుల్ని మనం కనిపెట్టక్కర్లేదు. లారీ రోడ్డు మీద ఉంది, గేటు వంతెన మీద ఉంది. ప్రోగ్రాంలోని లారీ సరిగ్గా ఉందో లేదో బయటికెళ్లి చూసి చెప్పొచ్చు. అదే పద్ధతిని బ్యాంకు లెడ్జరుకో, జీతాల బిల్లుకో, ఆస్పత్రి బుకింగుకో తెచ్చేసరికి ఆ వసతి పోయింది. ఖాతా అనేది ఏ రోడ్డు మీదా నడవదు. దాని హద్దు ఎక్కడో మనమే గీయాలి. తప్పు గీస్తే వెంటనే ఎవరూ చెప్పరు. ఏ మార్చి నెలాఖరులోనో తెలుస్తుంది.

దాల్, నీగార్డ్‌లకు 2001 సంవత్సరానికి ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. 2002 జూన్ 29న దాల్ పోయారు. నలభై రెండు రోజులకు, ఆగస్టు 10న, నీగార్డ్ పోయారు. ఈ కబురు మాస్టారికి నేనే చెప్పాను. కాసేపు ఊరుకుని, "క్యూలో ఒకరి వెనక ఒకరు" అన్నారు.

ఒక తల్లి, ఇద్దరు పిల్లలు

సిమ్యులా నుంచి రెండు పాయలు వచ్చాయి. ఆ రెండింటికీ ఒకే పేరు ఉండడమే మన తలనొప్పిలో సగం.

మొదటి పాయ అలన్ కే. గణితంతోపాటు జీవశాస్త్రం చదువుకున్న మనిషి. 1966లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చేరి సిమ్యులాను చూశాడు. ఆయనకు అందులో క్లాసుల పట్టిక కనిపించలేదు, జీవకణాలు కనిపించాయి. ఒక్కో కణానికీ గోడ ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో పక్క కణానికి అనవసరం. కబుర్లు మాత్రం అటూ ఇటూ వెళ్తుంటాయి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న పేరు పెట్టినవాడు ఆయనే. 1970లలో జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆయన బృందం చేసిన స్మాల్‌టాక్‌లో ప్రాణం సందేశంలో ఉంది: ఒక ఆబ్జెక్టు ఇంకోదానికి పని చెప్పడం, అది తనకు తెలిసిన తీరున చేయడం. ఆబ్జెక్టు అనే మాట ఎంచుకుని జనం దృష్టిని తప్పు చోటుకు మళ్లించానని, అసలు సంగతి సందేశమేనని ఆయన తర్వాత పశ్చాత్తాపపడ్డాడు కూడా.

రెండో పాయ బ్యార్నె స్ట్రౌస్ట్రుప్. కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేస్తూ సిమ్యులా వాడాడు. ప్రోగ్రాంను విడగొట్టి ఆలోచించడానికి క్లాసులు ఎంత సాయం చేశాయో, నడకలో ఆ ప్రోగ్రాం అంత నెమ్మదిగా ఉంది. 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు క్లాసులు జోడించడం మొదలుపెట్టాడు. అది సి ప్లస్ ప్లస్ అయింది. దాని రూపురేఖలతో 1995లో జావా వచ్చింది. మన కాలేజీలకూ అమీర్‌పేటకూ చేరింది ఈ పాయే.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు మేడల్లో కోర్ జావా నేర్పిన గదుల గురించి తక్కువ చేసి మాట్లాడను. జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చిన మా తరం పిల్లలకు అవి అన్నం పెట్టాయి. కానీ అక్కడ మేం బట్టీపట్టింది నాలుగు మాటలు: ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్. ఇంటర్వ్యూలో ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. ఒక్కో మాటకూ ఒక ఆవు, ఒక కారు, ఒక వృత్తం ఉదాహరణ. ఈ నాలుగూ పనిముట్లు. ఉలి, సుత్తి, రంపం, చిత్రిక పేర్లు చెప్పగలిగినవాణ్ని వడ్రంగి అనం. తలుపు ఎక్కడ పెట్టాలో తెలిసినవాణ్ని అంటాం.

ఇరవై రూపాయల లెక్క

ఇక నా కథ. 1990ల చివర ఒక చిన్న సహకార బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసే బృందంలో ఉన్నాను. డిజైన్ నాదే. ఖాతా అని ఒక మూల క్లాసు పెట్టాను. దానికి నంబరు, ఖాతాదారు పేరు, నిల్వ. డబ్బు వేయడం, తీయడం, నిల్వ చెప్పడం అని మూడు మెథడ్‌లు. దాని కింద సేవింగ్స్ ఖాతా, కరెంటు ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఖాతా. బోర్డు మీద గీస్తే చెట్టు ముచ్చటగా ఉంది. మేనేజరు గారు కూడా మెచ్చుకున్నారు.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి మధ్యలో డబ్బు తీయకూడదు కదా. మూల క్లాసులో తీయడం ఉంది కాబట్టి దీనికీ వచ్చేసింది. ఏం చేయాలి? మా కుర్రాడొకడు ఆ మెథడ్‌ను డిపాజిట్ క్లాసులో మళ్లీ రాసి లోపల ఖాళీగా వదిలేశాడు. తీయమంటే ఏమీ చేయదు, గొడవా చేయదు. నేను చూసి సరే అన్నాను. ఆ సరే నాదే.

అర్ధసంవత్సరం ముగింపు వచ్చింది. ఖాతాల నుంచి లెడ్జరు ఫోలియో చార్జీల కింద ఇరవై రూపాయలు కోయాలి. ప్రోగ్రాం మామూలుగా ఖాతాల జాబితా తీసుకుని, ఒక్కోదాన్నీ ఇరవై రూపాయలు తీయమని, అంతే మొత్తాన్ని బ్యాంకు ఆదాయంలో జమ చేసుకుంటూ పోయింది. సేవింగ్స్ ఇచ్చింది, కరెంటు ఇచ్చింది. డిపాజిట్లు మాత్రం ఇచ్చినట్టే ఊరుకున్నాయి. రాత్రి ట్రయల్ బ్యాలెన్స్ తీస్తే టాలీ కాలేదు.

మూడు రోజులు వెతికాం. మేం వడ్డీ లెక్కల్లో వెతికాం, పైసలు గుండ్రం చేసే చోట వెతికాం, డేటాబేసును తిట్టాం. మూడో రోజు సాయంత్రం హెడ్ క్లర్కు గారు, రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న మనిషి, మా వెనక నిలబడి తేడా మొత్తం ఎంతో అడిగారు. చెప్పాం. జేబులోంచి పెన్సిల్ తీసి, మా ప్రింటవుట్ వెనక్కి తిప్పి, దాన్ని ఇరవైతో భాగించారు. శేషం రాలేదు. వచ్చిన భాగఫలం చూసి, "ఇది మన డిపాజిట్ల సంఖ్యలా ఉందే" అన్నారు. రిజిస్టరు తీయించారు. అక్షరాలా అంతే.

ఎలా పట్టారండీ అని అడిగితే, "మీరు వాటిని ఖాతాల్లో ఎందుకు కలిపారో నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు నాయనా. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఖాతా ఎప్పుడయ్యింది? అది రసీదు. ఫలానా తారీకున ఇంత ఇస్తామని మనం రాసిచ్చిన కాగితం. దాంట్లోంచి తీయడమేమిటి?" అన్నారు.

"మధ్యలో కావాలంటే ఇస్తారు కదండీ?" అన్నాను, ఓడిపోవడం ఇష్టంలేక.

"ఇస్తాం. అది తీయడం కాదు. రసీదు రద్దు చేసి, వడ్డీ తగ్గించి, లెక్క తేల్చి పంపించేయడం. మాట వెనక్కి తీసుకోవడం వేరు బాబూ, డబ్బు తీసుకోవడం వేరు."

వరండాలో మాస్టారు అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. నేను పేర్లు చూసి చెట్టు గీశాను. మా ఇంగ్లీషు ఫారంలో డిపాజిట్ అకౌంట్ అని ఉంది కాబట్టి అది అకౌంట్ కింద చేరింది. హెడ్ క్లర్కు గారు బాకీలు చూశారు. సేవింగ్స్ ఖాతా ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తానంటుంది. డిపాజిట్ ఫలానా రోజున ఇస్తానంటుంది. ఇచ్చిన మాటలు వేరైనప్పుడు పేరు ఒకటైనా జాతి ఒకటి కాదు.

లిస్కోవ్ చెప్పిన మాట

హెడ్ క్లర్కు గారు పెన్సిలుతో తేల్చినదాన్ని బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సదస్సు ప్రసంగంలో చెప్పారు. 1994లో జెన్నెట్ వింగ్‌తో కలిసి రాసిన పత్రంలో దానికి కచ్చితమైన రూపమిచ్చారు. సారాంశం ఇది: తండ్రి క్లాసును నమ్ముకుని రాసిన ఏ ప్రోగ్రాం చేతిలోనైనా పిల్ల క్లాసును పెడితే, ఆ ప్రోగ్రాం నమ్మకం చెడకూడదు. పిల్లకు అవే మెథడ్ పేర్లు ఉంటే చాలదు, తండ్రి ఇచ్చిన మాట కూడా నిలబెట్టాలి. 2008 సంవత్సరానికి లిస్కోవ్‌కూ ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

చిక్కేమిటంటే, కంపైలరు పేర్లు చూస్తుంది కానీ మాటలు చూడలేదు. డబ్బు తీసే మెథడ్ ఉందా, ఉంది. దానికి ఒక సంఖ్య ఇస్తున్నారా, ఇస్తున్నారు. దాని పని అక్కడితో సరి. తీయమంటే నిల్వ తగ్గుతుందన్న ఒప్పందం ఎక్కడా రాసి లేదు. రాసిన నా తలలో ఉంది, వాడిన కుర్రాడి తలలో ఇంకోలా ఉంది.

ఈ పొరపాటు మాలాంటివాళ్లకే పరిమితం కాదు. జావా భాషతో పాటు వచ్చిన మొదటి లైబ్రరీలోనే స్టాక్ అనే క్లాసు ఉంది. స్టాక్ అంటే పళ్లేల దొంతర. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. దాని మాట అంతే. కానీ దాన్ని వెక్టర్ అనే జాబితా క్లాసుకు పిల్లగా రాశారు. జాబితాలో ఎక్కడ కావాలంటే అక్కడ దూర్చొచ్చు, ఎక్కడ్నుంచైనా పీకొచ్చు. ఆ హక్కులన్నీ దొంతరకూ సంక్రమించాయి. అడుగు పళ్లేన్ని లాగినా అడ్డుచెప్పదు. లోపల జాబితాను వాడుకుంటే సరిపోయేదానికి తానే జాబితానని రాసిచ్చింది. లక్షల ప్రోగ్రాంలు దాని మీద ఆధారపడ్డాక మార్చే దారి లేదు. స్టాక్ కావలసినవాళ్లు వేరే క్లాసు వాడుకోమని జావా పత్రాలే చెప్తాయి. మొదటి ముసాయిదాలో గీసిన గీత శాశ్వతమైపోవడం ఈ వృత్తిలో పెద్ద భయం.

ఆమె ఏ కొమ్మ మీద?

మాస్టారి బల్ల మీద ఫోర్‌ట్రాన్ మాన్యువల్ పక్కన చిన్నయసూరి బాలవ్యాకరణం ఉండేదని మీలో చాలామందికి గుర్తుండాలి. ఒకటి యంత్రానికి, ఒకటి మనిషికి అనేవారు. వర్గీకరణ ఎందుకు కష్టమో ఆయన మాకు తెలుగులోనే చూపించారు. ఆనాటి క్లాసు ఇప్పుడు మళ్లీ చెప్తాను.

రాముడు వచ్చాడు. ఆవు వచ్చింది. బోర్డు మీద రెండు గడులు: మహత్తు, అమహత్తు. ఇప్పుడు సీతను ఏ గడిలో వేస్తారు? సీత వచ్చింది. క్రియ ప్రకారం ఆవు ఉన్న గడి. సరేనని అక్కడ రాస్తే, వెంటనే బహువచనం అడిగేవారు. ఆవులు వచ్చాయి. ఆడవాళ్లు వచ్చారు. ఇప్పుడు సీత మగవాళ్లున్న గడిలోకి దూకింది. లెక్కపెట్టండి: రెండు ఆవులు, ఇద్దరు ఆడవాళ్లు. ఇక్కడా మగవాళ్లతోనే. ఏకవచనంలో ఒక కొమ్మ, బహువచనంలో ఇంకో కొమ్మ. ఒకే తండ్రి ఉండాలన్న చెట్టులో ఆమెను ఎక్కడ పెట్టినా ఒక క్రియ తప్పుతుంది.

వ్యాకర్తలు దీనికి మహతి అని మూడో పేరు పెట్టి, ఏకవచనంలో ఎటు చేరుతుందో, బహువచనంలో ఎటు చేరుతుందో చెప్పి ఊరుకున్నారు. స్త్రీ అంటే ఏమిటన్న తత్త్వచర్చ వాళ్లు చేయలేదు. క్రియ ఏ తోక తగిలించుకోవాలన్న ఒక్క పనికి ఎన్ని గుంపులు కావాలో అన్నే గుంపులు చేశారు. వేరే పనికైతే వేరే గుంపులు చేసేవారు.

ప్రోగ్రాం రాసేవాడు నేర్చుకోవలసింది ఈ నిగ్రహం. డిపాజిట్ అంటే ఏమిటి అని అడిగితే తెగదు. వడ్డీ లెక్క కట్టే ప్రోగ్రాంకు అది సేవింగ్స్‌తో కలుస్తుంది. చార్జీలు కోసే ప్రోగ్రాంకు కలవదు. అప్పు ఇచ్చే విభాగానికి అది హామీ పత్రం, బంగారంతో కలుస్తుంది. ఏ పనికి ఎవరితో కలుస్తుందన్న ప్రశ్నకే జవాబు ఉంది.

మూడు పెడితే ఆరు

కొమ్మ సరిగ్గా ఎంచుకున్నా ఇన్‌హెరిటెన్స్‌లో ఇంకో గుంట ఉంది. జాషువా బ్లాక్ 2001లో వచ్చిన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో చూపించిన ఉదాహరణ ఇది. నా మాటల్లో చెప్తాను.

జావాలో హ్యాష్‌సెట్ అనే సంచి ఉంది. ఒక వస్తువు వేసే మెథడ్ ఒకటి, గంపెడు ఒకేసారి వేసే మెథడ్ ఒకటి. ఇప్పటిదాకా మొత్తం ఎన్ని వేశామో గుర్తుంచుకునే సంచి మనకు కావాలి. ఆ సంచికి పిల్ల క్లాసు రాశాం. ఒకటి వేసినప్పుడు లెక్కకు ఒకటి కలిపి, తండ్రి పని తండ్రికి అప్పగించాం. గంపెడు వేసినప్పుడు గంపలో ఉన్నన్ని కలిపి, మళ్లీ తండ్రికి అప్పగించాం. ఇందులో తప్పేముంది? మూడు వస్తువుల గంప వేసి లెక్క అడగండి. ఆరు అంటుంది.

ఎందుకంటే తండ్రి గంపెడు వేసే పని లోలోపల ఒక్కొక్కటిగా వేసే మెథడ్‌నే పిలుస్తుంది. పిలిస్తే పలికేది తండ్రి మెథడ్ కాదు, మనం తిరగరాసినది. అది ఇంకోసారి లెక్కపెట్టింది. తండ్రి లోపల పని ఎలా చేస్తాడన్నది మనకు అనవసరం అన్నాం, దానికి ఎన్‌క్యాప్సులేషన్ అని పేరు పెట్టుకున్నాం. అదే తండ్రిని వారసత్వంగా తీసుకోగానే ఆయన అంతరంగం తెలియక దెబ్బతిన్నాం. మేం ఎక్కాల్లా చదివిన నాలుగు మాటల్లో మొదటిదానికీ రెండోదానికీ పడదని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.

పరిష్కారం తేలికే. సంచికి కొడుకు కాకుండా, సంచిని చేతిలో పట్టుకున్న గుమాస్తాలా రాయాలి. వస్తువు తీసుకుంటాడు, లెక్క రాసుకుంటాడు, సంచిలో వేస్తాడు. 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో నలుగురు రచయితలు వారసత్వం కన్నా కూర్పు మేలని అప్పటికే చెప్పారు. జనం ఆ పుస్తకంలోంచి ఇరవై మూడు నమూనాల పేర్లు నేర్చుకున్నంత ఇష్టంగా ఆ సలహా నేర్చుకోలేదు. 2009లో వచ్చిన గో భాష అయితే క్లాసుల వారసత్వాన్నే పెట్టుకోలేదు.

రేపటిని ఊహించడం

ఇంతకీ గీత ఎక్కడ గీయాలి? దీనికి నాకు తెలిసిన మంచి జవాబు ఆబ్జెక్టుల మోజుకు ముందుది. 1972లో డేవిడ్ పార్నస్ ఒక పేపర్ రాశాడు. ఒకే చిన్న ప్రోగ్రాంను రెండు రకాలుగా ముక్కలు చేసి చూపించాడు. ఒకటి పని జరిగే వరస ప్రకారం: చదువు, మార్చు, అకారాదిగా పేర్చు, అచ్చువేయి. రెండోది మారే అవకాశమున్న నిర్ణయాల ప్రకారం: ఒక్కో ముక్కా ఒక్కో నిర్ణయాన్ని తన కడుపులో దాచుకుంటుంది. రెండూ పనిచేస్తాయి. కానీ మార్పు వచ్చినప్పుడు మొదటిది ఊరంతా కదులుతుంది, రెండోది ఒక ఇంట్లో సర్దుకుంటుంది.

సలహా బంగారం. అయితే ఏది మారుతుందో ముందు తెలియాలి కదా! ఇరవై రెండేళ్ల కుర్రాడికి బ్యాంకులో ఏం మారుతుందో ఎలా తెలుస్తుంది? వడ్డీ రేటు మారుతుందని ఊహించగలడు. డిపాజిట్ మీద అప్పు ఇవ్వడం మొదలవుతుందని ఊహించలేడు. హెడ్ క్లర్కు గారికి తెలుసు, ముప్పై ఐదేళ్లు మార్పులన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లాయి కాబట్టి. కానీ ఆయన్ని మేం డిజైన్ మీటింగుకు పిలవలేదు.

తెలియనితనానికి భయపడి రెండో వైపు పడేవాళ్లూ ఉన్నారు. అన్నీ మారొచ్చని ప్రతిదానికీ ఒక ఇంటర్‌ఫేసు, దాన్ని తయారుచేయడానికి ఒక ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీని తయారుచేయడానికి ఇంకో ఫ్యాక్టరీ. పని ఎక్కడ జరుగుతోందో వెతుక్కుంటూ ఏడు ఫైళ్లు తెరవాలి. నేనూ కొన్నేళ్లు అలాగే రాశాను. ఎన్నడూ రాని చుట్టాల కోసం గదులు కట్టి, ఇంట్లోవాళ్లను వరండాలో పడుకోబెట్టినట్టు.

ఎంత తెలివిగా గీసినా ఒక వైపు మూసుకుపోతుందన్నది ఇంకో నిజం. కాగితం మీద పట్టిక గీయండి. అడ్డవరసల్లో ఖాతాల రకాలు, నిలువు వరసల్లో చేయవలసిన పనులు. ఆబ్జెక్టుల పద్ధతిలో ఒక్కో అడ్డవరసా ఒక్కో క్లాసు. రికరింగ్ డిపాజిట్ అని కొత్త రకం వస్తే ఒక వరస చేర్చి హాయిగా నిద్రపోవచ్చు. కొత్త పని వస్తే, అన్ని రకాలకూ కొత్త రిపోర్టు కావాలంటే, ప్రతి క్లాసూ తెరవాలి. ఫంక్షన్ల పద్ధతిలో దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఈ చిక్కుకు ఎక్స్‌ప్రెషన్ ప్రాబ్లం అని 1998లో ఫిలిప్ వాడ్లర్ పేరు పెట్టారు. అందుకని ఆబ్జెక్టులు పాతబడ్డాయి, ఫంక్షనల్ వైపు వచ్చేయండి అని పిలిచే మిత్రులకు నా జవాబు ఒకటే. వస్తాను, కానీ నాతో పాటు ఈ పట్టికా వస్తుంది. అడ్డం ఎక్కువ పెరుగుతుందా, నిలువు ఎక్కువ పెరుగుతుందా అన్న ప్రశ్నను ఏ భాషా మన తరఫున తేల్చదు.

విద్యార్థులకు రెండు మాటలు

పెద్దవాళ్లను వదిలి పిల్లలతో మాట్లాడి ముగిస్తాను.

కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1989లో ఒక పద్ధతి చెప్పారు. నాలుగంగుళాలు ఆరంగుళాలు ఉండే అట్టముక్క తీసుకోండి. పైన క్లాసు పేరు. ఎడమ పక్క అది చేయవలసిన పనులు. కుడి పక్క ఆ పనులకు ఎవరి సాయం కావాలో వాళ్ల పేర్లు. అంతే. అట్ట నిండిపోయిందంటే ఒకరి నెత్తిన పెళ్లి పనులన్నీ పెట్టారని అర్థం. అట్ట మీద పేరు తప్ప ఏమీ లేదంటే నా బీరువాలో అరలాగా ఆ క్లాసు దండగ. నలుగురు కూర్చుని తలా ఒక అట్ట పట్టుకుని, ఒక ఖాతాదారు కౌంటరు దగ్గరికి వచ్చినట్టు నాటకం ఆడండి. నేను నిన్ను ఇది అడుగుతాను, నువ్వు నాకు ఇది ఇవ్వాలి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు "అది నా పని కాదే!" అంటారు. ఆ మాట వచ్చిన చోటే మీ గీత.

రెండోది, ఆ నాటకానికి కంప్యూటరు తెలియనివాళ్లను ఒకరినైనా కూర్చోబెట్టండి. స్టోరు కీపరునో, నర్సునో, గుమాస్తానో. వాళ్లు వాడే మాటలు వినండి. వాళ్లకు రసీదు అని ఒక మాట, ఖాతా అని ఒక మాట వేరుగా ఉన్నాయంటే, దాని వెనక ఎవరో ఎప్పుడో నష్టపోయి నేర్చుకున్న తేడా ఉంటుంది. వాళ్లు మాటమాటకూ తేడా చూపిస్తుంటే మనం అన్నింటినీ అకౌంట్ అని ఒకే గాటన కట్టేస్తాం. తర్వాత మూడు రోజులు ఇరవై రూపాయలు వెతుక్కుంటాం.

ఆ బ్యాంకు ప్రోగ్రాం చివరికి తిరగరాశాం. డిపాజిట్, ఖాతాల చెట్టులోంచి బయటికి వచ్చింది. దాని క్లాసు పేరు రసీదు అని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నాం. దానికి డబ్బు తీసే మెథడ్ లేదు. గడువు తీరడం, రద్దు కావడం, తాకట్టు పడడం ఉన్నాయి. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆ ఒక్క ఫైలు ప్రింటు తీసుకెళ్లి మాస్టారికి చూపించాను. ఈసారి వరండా అక్కర్లేకపోయింది, రెండే పేజీలు. కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇది రసీదని నీకు ఎవరు చెప్పారురా?" అన్నారు. హెడ్ క్లర్కు గారని చెప్పాను.

మాస్టారు కాగితం పైభాగాన వేలు పెట్టారు. అక్కడ ఆథర్ అన్న చోట నా పేరు ఉంది. "మరి ఇక్కడ ఆయన పేరేది?" అన్నారు.

తిరిగి వెళ్లిన రోజు నేను చేసిన మొదటి మార్పు ఆ ఒక్క లైనే. నా పేరు పైన ఆయన పేరు చేర్చి, ఫైలు సేవ్ చేశాను.